టైప్ ఉన్న సెట్టింగులు: ఒకే జేసన్ కాలమ్‌లో కుక్కాలా, విడివిడి కాలమ్స్ పెట్టాలా?

యూజర్ల టేబుల్‌కి ఇవాళ "వారం వారం మెయిల్ పంపాలా వద్దా" అని ఒక సెట్టింగ్ కావాలంటారు. వచ్చే వారం "పేజీకి ఎన్ని వరుసలు చూపించాలి" అని ఇంకొకటి, ఆ తర్వాత "ట్రయల్ ఏ తేదీతో ముగుస్తుంది", ఇంకో నెలకి "ఈ కస్టమర్‌కి ఎంత శాతం డిస్కౌంట్". నాలుగో మైగ్రేషన్ (టేబుల్ నిర్మాణం మార్చే స్క్రిప్ట్) రాసేసరికి టీమ్‌లో ఎవరో ఒకరు విసుగెత్తి, "ప్రతిదానికీ ఒక కాలమ్ ఏంటి, సెట్టింగ్స్ అని ఒక జేసన్ కాలమ్ పెట్టేసి అన్నీ అందులో పడేద్దాం" అంటారు. జేసన్ అంటే పేర్లూ వాటి విలువలూ జంటలుగా కలిపి ఒకే ముక్కగా రాసే పద్ధతి. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు నేనే. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం గట్టి అభిప్రాయాలున్నాయి, అన్నీ దెబ్బలు తిన్నాక వచ్చినవే.

నేను ఎటువైపో ముందే చెప్పేస్తా. ఆ విలువ గురించి డేటాబేస్‌ని ఎప్పుడైనా అడగాల్సి వస్తుందా, అంటే దాని మీద వెతకడం, వడకట్టడం, కూడటం, వేరే టేబుల్‌తో కలపడం లాంటివి? వస్తుందంటే విడి కాలమ్, ఇంకో మాట లేదు. అలా కాకుండా ఆ రికార్డు తెరిచాక యాప్ మాత్రమే చదువుకునే విలువ అయితే ఒకే కాలమ్‌లో కలిపి పెట్టొచ్చు. దానికీ ఒక షరతుంది: ఏ కీకి (సెట్టింగ్ పేరుకి) ఏ టైప్ (అంకె, తేదీ, అవును-కాదు లాంటి విలువ రకం) అన్నది కోడ్‌లో ఒక్కచోటే రాసి ఉండాలి, ఆ టైప్‌లోకి మార్చడం రాసేటప్పుడే జరిగిపోవాలి, చదివేటప్పుడు కాదు. ఈ షరతు లేకుండా పెట్టిన జేసన్ కాలమ్ ఆరు నెలల్లో కలగూరగంప అయి కూర్చుంటుంది. ఇక్కడి నుంచి జేసన్ కాలమ్‌ని గంప అనే పిలుస్తాను.

"0" తెచ్చిన తంటా

షరతు ఎందుకంటే, ఇదుగో. ఒకప్పుడు నేను పనిచేసిన చోట వారపు మెయిల్ సెట్టింగ్‌ని గంపలోనే పెట్టాం. వెబ్ ఫారంలో చెక్‌బాక్స్ తీసేసి సేవ్ కొడితే బ్రౌజర్ నుంచి వచ్చేది ఫాల్స్ కాదు, "0" అనే స్ట్రింగ్, అంటే అక్షరాల ముక్క. ఫారం నుంచి వచ్చేవన్నీ స్ట్రింగులే కదా. బూలియన్ (ట్రూ, ఫాల్స్ మాత్రమే పట్టే) కాలమ్ అయ్యుంటే ఫ్రేమ్‌వర్క్ కాలమ్ టైప్ చూసుకుని దాన్ని ఫాల్స్‌గా మార్చేసేది, మనకి తెలియను కూడా తెలియదు. గంపకి ఆ సంగతి పట్టదు, ఇచ్చింది ఇచ్చినట్టు దాచుకుంది. రూబీ భాషలో నిల్ (అసలేమీ లేకపోవడం), ఫాల్స్ తప్ప మిగతావన్నీ నిజమే, కాబట్టి "0" కూడా నిజమే. మెయిల్స్ వద్దన్న వాళ్లందరికీ వారం వారం నిష్ఠగా మెయిల్స్ వెళ్లాయి. జావాస్క్రిప్ట్‌లోనూ పైథాన్‌లోనూ ఇదే కథ, ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా నిజమే. పీహెచ్‌పీలో మాత్రం "0" అబద్ధం, కానీ "false" అని అక్షరాల్లో రాసిన స్ట్రింగ్ మళ్లీ నిజం, కాబట్టి అక్కడా ఊపిరి పీల్చుకునేదేం లేదు.

కోడ్ సరిచేయడానికి ఒక్క లైన్ సరిపోయింది. డేటా శుభ్రం చేయడానికే తల ప్రాణం తోకకొచ్చింది, ఎందుకంటే అప్పటికే ఆ ఒక్క కీలో అసలైన ట్రూ, అంకె 1, స్ట్రింగ్ "1", స్ట్రింగ్ "true", మొబైల్ యాప్ పాత వెర్షన్ పంపిన "on", అన్నీ పోగుపడి ఉన్నాయి. ఏది ఎవరు రాశారో తెలిస్తే గానీ ఏది ఏంటో తేల్చలేం.

విడి కాలమ్స్ మీద ఉన్న భయం చాలావరకు పాతది

"కాలమ్ చేర్చాలంటే పెద్ద టేబుల్ మొత్తం లాక్ అయిపోతుంది" అనేది ఒకప్పుడు నిజంగానే బాధ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో డిఫాల్ట్ (ముందే పెట్టిన) విలువతో కాలమ్ చేరిస్తే టేబుల్ మొత్తాన్ని తిరగరాసేది. 2018లో వచ్చిన వెర్షన్ 11 నుంచి మారని డిఫాల్ట్ అయితే తిరగరాయడం లేదు, ఆ డిఫాల్ట్‌ని ఒకచోట గుర్తుపెట్టుకుని పాత రోలకి (టేబుల్‌లోని వరుసలకి) చదివేటప్పుడు అందిస్తుంది. మైఎస్‌క్యూఎల్ కూడా అదే ఏడాది 8.0.12లో ఇన్‌స్టంట్‌గా కాలమ్ చేర్చడం తెచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీ విలువకి పట్టే చోటు రోకి ఒక బిట్ మాత్రమే, కాబట్టి "సగం రోలలో ఖాళీగా ఉంటుంది" అన్నది కూడా పెద్ద అభ్యంతరం కాదు. కాలమ్స్ సంఖ్యకి పరిమితి 1600. యాభైకి చేరినా మీరు ఇంకా చాలా దూరంలో ఉన్నట్టే, అప్పటికి టేబుల్‌ని రెండుగా చీల్చడం గురించి ఆలోచించాలి గానీ జేసన్ గురించి కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. కాలమ్ చేర్చే ఆదేశానికి క్షణకాలమైనా టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి. అదే సమయంలో పది నిమిషాల రిపోర్ట్ క్వెరీ ఒకటి నడుస్తుంటే మీ ఆదేశం దాని వెనక నిలబడుతుంది, మీ వెనక మిగతా క్వెరీలన్నీ నిలబడతాయి, సైట్ ఆగిపోతుంది. లాక్ టైమౌట్ రెండు మూడు సెకన్లకి పెట్టుకుని, దొరక్కపోతే మళ్లీ ప్రయత్నించేలా మైగ్రేషన్ నడపండి.

కాబట్టి మైగ్రేషన్ బద్ధకం ఒక్కటే కారణమైతే గంప వద్దు. గంప పెట్టడానికి అసలైన కారణాలు వేరే ఉన్నాయి. ఒకటి, రో రోకీ గుణాలే మారిపోతుంటాయి: ఒక పేమెంట్ గేట్‌వేకి మూడు రకాల వివరాలు కావాలి, ఇంకోదానికి ఏడు, అవి ఒకదానితో ఒకటి కలవవు. రెండు, ఏ ఫీల్డ్స్ ఉండాలో కస్టమరే తయారుచేసుకుంటాడు, మనకి ముందు తెలియదు. మూడు, ఎప్పుడూ మొత్తంగానే చదివి మొత్తంగానే రాసే సరంజామా, డాష్‌బోర్డ్‌లో విడ్జెట్ల అమరిక లాంటిది.

భాష సొంత పద్ధతిలో సీరియలైజ్ చేయడం: కొత్తగా అస్సలు వద్దు

సీరియలైజ్ అంటే ప్రోగ్రాంలోని వస్తువుని దాచుకోగలిగే రూపంలోకి మార్చడం. టెక్స్ట్ కాలమ్‌లో యామల్, పీహెచ్‌పీ సీరియలైజ్, పైథాన్ పికిల్ లాంటివి పెట్టడం పాత అలవాటు. ఇందులో ఒక ఆకర్షణ ఉంది, తేదీలూ డెసిమల్స్ వాటి టైప్‌తో సహా తిరిగొస్తాయి. రైల్స్‌లో (రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సీరియలైజ్ అని రాస్తే చాలాకాలం పాటు డిఫాల్ట్‌గా యామల్‌లోనే దాచేది. అయితే టైప్‌ని తిరిగి నిలబెట్టడం అంటే డేటాలో రాసున్న క్లాస్ పేరు చూసి ఆ వస్తువుని తయారుచేయడం. ఆ కాలమ్‌లో ఏం రాయాలో దాడిచేసేవాడి చేతికి చిక్కితే కోడ్ నడపడం కూడా వాడి చేతికి చిక్కినట్టే. 2022 జులైలో రైల్స్‌కి సరిగ్గా ఈ లోపం మీదే సీవీఈ-2022-32224 (భద్రతా లోపాలకిచ్చే నంబర్) వచ్చింది. సరిదిద్దిన వెర్షన్లు యామల్‌ని సురక్షిత పద్ధతిలో మాత్రమే చదవడం మొదలుపెట్టాయి, దాంతో గంపలో సింబల్స్, తేదీలు పెట్టుకున్న యాప్స్ అప్‌గ్రేడ్ చేసిన మరుక్షణం ఎర్రర్లతో పడిపోయాయి, అనుమతించిన క్లాసుల జాబితా ఒక్కొక్కటే కాన్ఫిగ్‌లో రాసుకుంటే గానీ లేవలేదు.

పీహెచ్‌పీ సీరియలైజ్‌ది ఇంకో రకం సరదా. ప్రతి స్ట్రింగ్ ముందు దాని పొడవు బైట్లలో రాసి ఉంటుంది. వర్డ్‌ప్రెస్ సైట్ అడ్రస్‌ని హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి మార్చాలని నేరుగా డేటాబేస్‌లో ఫైండ్-రీప్లేస్ కొట్టి, విడ్జెట్లూ థీమ్ సెట్టింగులూ మాయమైతే నెత్తి కొట్టుకున్న వాళ్లు ఎంతమందో. ఒక్క అక్షరం పెరిగింది, పొడవు అంకె పాతదే ఉంది, మొత్తం చదవడానికి రాకుండా పోయింది. వర్డ్‌ప్రెస్ కమాండ్‌లైన్ టూల్‌లో సెర్చ్-రీప్లేస్ అని ప్రత్యేకంగా ఆదేశం ఉన్నది, అది విప్పి మార్చి మళ్లీ ముడివేస్తుంది కాబట్టే.

పైగా ఈ పద్ధతుల్లో వేరే భాషలో రాసిన సర్వీస్‌కి ఆ డేటా పనికిరాదు. డేటాబేస్‌కి అర్థమే కాదు.

కీ-విలువ టేబుల్

ప్రతి గుణాన్నీ ఒక రోగా, "ఎవరిది, ఏ కీ, ఏ విలువ" అని వేరే టేబుల్‌లో పెట్టే పద్ధతి. వర్డ్‌ప్రెస్ పోస్ట్‌మెటా టేబుల్ ఇలాంటిదే, విలువ కాలమ్ లాంగ్‌టెక్స్ట్. టైప్ లేకపోవడంతో క్రమంలో పెట్టేటప్పుడు "100" వచ్చి "20" కంటే ముందు కూర్చుంటుంది. మజెంటో ఈ ఇబ్బంది తప్పించడానికి టైప్‌కో టేబుల్ పెట్టింది, అంకెలకి ఒకటి, డెసిమల్స్‌కి ఒకటి, తేదీలకి ఒకటి, ఇలా. టైప్ దక్కింది, కానీ ఒక ప్రాడక్ట్ పూర్తిగా చదవాలంటే జాయిన్ల (టేబుళ్లని కలపడం) మీద జాయిన్లు. ఒక్కో గుణం ఎప్పుడు ఎవరు మార్చారో చరిత్ర కావాలంటే తప్ప నేను ఇటు వెళ్లను.

జేసన్ అంటే అన్ని డేటాబేసుల్లో ఒకటే కాదు

పోస్ట్‌గ్రెస్‌లో రెండున్నాయి. జేసన్ అనే టైప్ 2012లో 9.2తో వచ్చింది, ఇచ్చిన టెక్స్ట్‌ని ఉన్నదున్నట్టు దాస్తుంది. జేసన్‌బీ 2014 చివర్లో 9.4తో వచ్చింది, విడదీసి బైనరీ రూపంలో దాస్తుంది. ఖాళీలు, కీల వరుస పోతాయి, ఒకే కీ రెండుసార్లు ఉంటే చివరిదే మిగులుతుంది. సెట్టింగులకి జేసన్‌బీనే. బయటి సర్వీస్ నుంచి వచ్చిన వెబ్‌హుక్ సందేశాన్ని సంతకం సరిచూడటం కోసం అక్షరం పొల్లు పోకుండా దాచాలంటే మాత్రం జేసన్‌బీ పనికిరాదు, వరుస మారితే సంతకం తప్పుతుంది, దానికి మామూలు టెక్స్ట్ చాలు. హెచ్‌స్టోర్ అని వీటికన్నా పాతది ఒకటుంది, అందులో విలువలన్నీ స్ట్రింగులే, అంటే పైన చెప్పిన "0" తంటా తప్పనిసరి.

మైఎస్‌క్యూఎల్‌కి 5.7.8 నుంచి సొంత జేసన్ టైప్ ఉంది. మరియాడీబీలో జేసన్ అని రాసినా లోపల లాంగ్‌టెక్స్టే, అది మారుపేరు మాత్రమే. ఎస్‌క్యూలైట్‌లో విడి టైప్ లేదు, టెక్స్ట్‌లోనే పెడతాం, జేసన్ ఫంక్షన్లు 2022లో 3.38 నుంచి డిఫాల్ట్‌గా లోపలే ఉంటున్నాయి.

వీటిల్లో ఏది వాడినా జేసన్‌కి స్వతహాగా ఉన్న టైపులు తక్కువ. తేదీ లేదు. డెసిమల్ విడిగా లేదు. పోస్ట్‌గ్రెస్ జేసన్‌బీ లోపల అంకెల్ని న్యూమరిక్‌గా కచ్చితంగానే ఉంచుతుంది, అయితే మీ భాషలోని పార్సర్ చదివేటప్పుడు దాన్ని ఫ్లోట్‌గా (ఉజ్జాయింపు దశాంశంగా) చేసేస్తే ఆ కచ్చితత్వం దారిలోనే పోయింది. 9,007,199,254,740,992 దాటిన పూర్ణాంకాలు జావాస్క్రిప్ట్ వైపు వెళ్తే చివరి అంకె చడీచప్పుడు లేకుండా మారిపోవచ్చు, అందుకే పొడవాటి ఐడీలని స్ట్రింగ్‌గా పెడతారు. డబ్బుకి సంబంధించిన విలువలు గంపలో పెట్టకండి. తప్పదంటే అతి చిన్న నాణెం లెక్కలో పూర్ణాంకంగానో, స్ట్రింగ్‌గానో పెట్టి కోడ్‌లో డెసిమల్‌గా తిప్పుకోండి.

ప్రోటోబఫ్‌ని (టైపులు ముందే రాసుకుని డేటాని కుదించి దాచే పద్ధతి) బైనరీ కాలమ్‌లో పెట్టే వాళ్లూ ఉన్నారు. టైప్ గట్టిగా ఉంటుంది, తక్కువ చోటు పడుతుంది, కీ పేర్లు ప్రతి రోలో తిరిగి తిరిగి రాయక్కర్లేదు (జేసన్‌బీలో రాస్తుంది మరి). కాకపోతే అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో ఏదో తేడా వచ్చి టేబుల్ తెరిచి చూస్తే ఏమీ అర్థం కాదు. నాకైతే ఆ ఒక్క కారణం చాలు.

టైప్‌ని ఎక్కడ కూర్చోబెట్టాలి

ఇక్కడే ఎక్కువమంది సగం పని చేసి వదిలేస్తారు. రైల్స్‌లో స్టోర్ యాక్సెసర్ పెడితే గంపలోని కీలు మామూలు ఫీల్డ్స్‌లా కనిపిస్తాయి, కానీ టైప్ మార్పిడి ఏమీ చేయదు. కనిపించడం వేరు, టైప్ ఉండటం వేరు. స్టోర్ ఆట్రిబ్యూట్, జేసన్‌బీ యాక్సెసర్, ఆట్ర్ జేసన్, స్టోర్ మోడల్ అనే జెమ్స్ (రూబీ లైబ్రరీలు) ఉన్నవి ఈ లోటు పూడ్చడానికే. మొదటి రెండింట్లో కీ పేరు, టైప్, డిఫాల్ట్ మోడల్‌లో రాస్తే సరిపోతుంది, చదునైన సెట్టింగులకి అది చాలు. గంపలో లోపల్లోపల జాబితాలు, వాటిలో మళ్లీ వస్తువులు ఉంటే స్టోర్ మోడల్ గానీ ఆట్ర్ జేసన్ గానీ నయం, ఆ లోపలి వస్తువుకే ఒక క్లాస్, దానికే వ్యాలిడేషన్లు పెట్టుకోవచ్చు.

జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) జేసన్ ఫీల్డ్ 3.1 నుంచి అన్ని డేటాబేసులకీ ఉంది, టైప్ మాత్రం మనమే చూసుకోవాలి. నేనైతే పైడాంటిక్ (టైపులు సరిచూసే పైథాన్ లైబ్రరీ) మోడల్ ఒకటి రాసి, రాసేముందు దాని గుండా పంపిస్తాను. లారావెల్‌లో (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) అర్రే కాస్ట్ పెడితే అది డీకోడ్ మాత్రమే చేస్తుంది, లోపలి టైపుల జోలికి పోదు, వాటికి సొంత కాస్ట్ క్లాస్ రాసుకోవాలి. డాట్‌నెట్ వైపు ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 7 నుంచి ఒక క్లాస్‌ని అలాగే జేసన్ కాలమ్‌కి ముడిపెట్టొచ్చు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ (పైథాన్ డేటాబేస్ లైబ్రరీ) వాడేవాళ్లకి ఒక గొయ్యి ఉంది: గంప లోపల ఒక కీ మార్చి సేవ్ చేస్తే మారినట్టే దానికి తెలియదు, మ్యూటబుల్ డిక్ట్ వాడితేనో, మారిందని మనమే చెబితేనో తప్ప అప్‌డేట్ వెళ్లదు. ఎర్రర్ కూడా రాదు. ఒక మధ్యాహ్నం మొత్తం పోతుంది.

చదివేటప్పుడే మారిస్తే ఏంపోయింది అంటారా? గంపలో చెత్త అలాగే ఉంటుంది, మీ ఒక్క యాప్ మాత్రం అద్దాలు పెట్టుకుని చూస్తుంది. రేపు రిపోర్టుల కోసం ఇంకొకరు నేరుగా ఎస్‌క్యూఎల్ రాస్తారు, వాళ్లకి అద్దాల్లేవు. అందుకే డేటాబేస్ వైపు కూడా ఒక కాపలా పెట్టడం మంచిది. పోస్ట్‌గ్రెస్‌లో చెక్ కన్‌స్ట్రెయింట్ (రాసే విలువకి డేటాబేసే పెట్టే పరీక్ష) రాసి ఫలానా కీలోని విలువ టైప్ "అంకె" అయ్యుండాలని జేసన్‌బీ టైప్‌ఆఫ్ ఫంక్షన్‌తో కట్టడి చేయొచ్చు. కీ అసలు లేకపోతే ఆ పరీక్ష ఫలితం నల్ (విలువే లేదు అని) వస్తుంది, నల్ వస్తే చెక్ దాటినట్టే లెక్క, కాబట్టి "ఉంటే అంకె అయ్యుండాలి, లేకపోయినా పర్వాలేదు" అన్న మనకి కావలసిన అర్థమే వస్తుంది. అన్ని కీలకీ అక్కర్లేదు, తప్పయితే నష్టం జరిగే రెండు మూడింటికి పెట్టండి.

డిఫాల్ట్‌ల చిక్కు

టైప్ కన్నా ఎక్కువ గొడవ నిజానికి డిఫాల్ట్‌తోనే. విడి కాలమ్‌లో డిఫాల్ట్ అంటే రో పుట్టగానే విలువ రాసి ఉంటుంది. గంపలో రెండు దారులు. రో పుట్టినప్పుడే డిఫాల్ట్స్ అన్నీ గంపలో రాసేస్తే, రేపు పేజీకి 25 నుంచి 50కి మార్చాలనుకున్నప్పుడు పాతవాళ్లకి 25 అలాగే ఉండిపోతుంది, అది వాళ్లు ఎంచుకున్నదా, మనం రాసిందా అన్నది ఇక తేల్చలేం. రాయకుండా చదివేటప్పుడు డిఫాల్ట్ ఇస్తే, మార్చిన రోజే అందరికీ మారుతుంది, కానీ డేటాబేస్‌లో ఆ కీనే ఉండదు. అప్పుడు "మెయిల్ కావాలన్న వాళ్లందరినీ తీసుకురా" అని క్వెరీ రాస్తే, సెట్టింగ్‌ని ఎన్నడూ ముట్టుకోని వాళ్లు, అంటే దాదాపు అందరూ, లెక్కలోకి రారు.

నేను పాటించేది: ఇష్టాయిష్టాల లాంటి సెట్టింగులకి చదివేటప్పుడు డిఫాల్ట్, ఒప్పందం లాంటి వాటికి (ట్రయల్ రోజులు, పరిమితులు) రాసేటప్పుడు డిఫాల్ట్. ఒప్పందం లాంటివి అసలు గంపలో ఎందుకున్నాయి అని అడిగితే, అవును, ఉండకూడదు.

దీనికి తోడు ఖాళీలు మూడు రకాలు: కాలమ్ మొత్తమే నల్, కీ ఉంది గానీ విలువ జేసన్ నల్, కీనే లేదు. మూడూ వేర్వేరు, క్వెరీల్లో వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. కాలమ్‌ని నాట్ నల్ చేసి డిఫాల్ట్‌గా ఖాళీ వస్తువు పెట్టండి, మూడింట్లో ఒకటి తగ్గుతుంది. నల్ వస్తే రాయకుండా కీనే తీసేసేలా టైప్ పొరలో చూసుకుంటే రెండోదీ పోతుంది. గో భాషలో స్ట్రక్ట్‌లోకి చదివేవాళ్లు ఇంకా జాగ్రత్త, కీ లేకపోయినా ఫాల్సే, ఫాల్స్ అని ఉన్నా ఫాల్సే, తేడా కావాలంటే పాయింటర్ పెట్టుకోవాలి.

వెతకాల్సి వస్తే

"జేసన్‌బీకి ఇండెక్స్ (వేగంగా వెతకడానికి సూచిక) ఉందిగా" అంటారు. ఉంది, కానీ అనుకున్నది కాదు. కాలమ్ మొత్తానికి జిన్ ఇండెక్స్ (లోపలి కీలకీ విలువలకీ కలిపి వేసేది) వేస్తే అది "ఈ కీకి ఈ విలువ ఉన్న రోలు" అని @> తో అడిగినప్పుడు పనికొస్తుంది. ->> తో విలువ బయటికి తీసి సమానమా అని పోలిస్తే ఆ ఇండెక్స్ వైపు కన్నెత్తి కూడా చూడదు. ఇండెక్స్ వేశాం, అయినా నెమ్మదే అని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినవాటిలో సగం ఇవే. పెద్దా చిన్నా పోలికలకీ జిన్ సాయం చేయదు, ఆ ఒక్క కీ మీద ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ (లెక్కించి తీసిన విలువ మీద వేసేది) వేయాలి. ->> ఇచ్చేది టెక్స్ట్ అని మర్చిపోతే "9" కన్నా "10" చిన్నది అయిపోతుంది, అంకెగా మార్చి అదే రూపంలో ఇండెక్స్ వేయాలి. తేదీ అయితే అదీ కుదరదు: టెక్స్ట్‌ని తేదీగా మార్చడం సర్వర్ డేట్ సెట్టింగ్ మీద ఆధారపడుతుంది కాబట్టి ఇండెక్స్‌లో పెట్టనివ్వదు. ఏడాది-నెల-రోజు వరుసలో, సున్నాలతో సహా ఒకే పొడవుగా రాసి ఉంటే టెక్స్ట్‌గానే పోల్చుకోవచ్చు, వరుస తప్పదు. రాసేటప్పుడే టైప్ మార్చాలని మొదట్నుంచీ నస పెడుతున్నది ఇలాంటి వాటికే.

ఇంకా లోపల ఒకటుంది. పోస్ట్‌గ్రెస్ ప్లానర్‌కి (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) గంపలోని కీల గురించి గణాంకాలుండవు. ->> తో సమానమా అని అడిగితే ఎన్ని రోలు వస్తాయో తెలియక 0.5 శాతం అని గుడ్డిగా అనుకుంటుంది. నిజానికి 90 శాతం రోలు వచ్చే కీ అయితే తప్పుడు జాయిన్ ఎంచుకుని, రెండు సెకన్ల పని ఇరవై నిమిషాలు చేసి పెడుతుంది. ఆ ఎక్స్‌ప్రెషన్ మీద ఇండెక్స్ ఉంటేనో, వెర్షన్ 14 నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెషన్ గణాంకాలు తయారుచేసుకుంటేనో తప్ప ఇది సర్దుకోదు.

మధ్యే మార్గం జనరేటెడ్ కాలమ్. విలువ గంపలోనే ఉంటుంది, డేటాబేసే దాన్ని తీసి టైప్ ఉన్న కాలమ్‌గా చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 12 నుంచి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో స్టోర్డ్ రకం చేరిస్తే టేబుల్ మొత్తం తిరగరాస్తుందని గుర్తుంచుకోండి. వెతకాల్సిన కీ ఒకటో రెండో అయితే ఇది బాగుంటుంది. మూడోది కావాల్సి వస్తే ఇక దాగుడుమూతలు ఆపి నిజమైన కాలమ్ పెట్టేయండి.

ఇద్దరు ఒకేసారి రాస్తే

విడి కాలమ్స్ ఉన్నప్పుడు రైల్స్ మారిన కాలమ్స్‌నే రాస్తుంది, కాబట్టి ఒక రిక్వెస్ట్ థీమ్‌నీ ఇంకోటి మెయిల్ సెట్టింగ్‌నీ ఒకే క్షణంలో మార్చినా రెండూ నిలుస్తాయి. (జాంగో మామూలు సేవ్ అన్ని ఫీల్డ్స్‌నీ రాస్తుంది, అప్‌డేట్ ఫీల్డ్స్ ఇవ్వకపోతే అక్కడ విడి కాలమ్స్‌కీ ఈ రక్షణ లేదు.) గంప విషయంలో ఇద్దరూ పాత గంప చదివారు, ఎవరికి వాళ్లు ఒక కీ మార్చి మొత్తం గంప తిరిగి రాశారు, రెండో వాళ్లు రాసింది మొదటివాళ్ల మార్పుని తుడిచేసింది. యూజర్ సెట్టింగ్ పేజీలో ఇది అరుదు. బ్యాక్‌గ్రౌండ్ జాబ్ కూడా అదే గంపలో "చివరిసారి సింక్ అయిన సమయం" రాస్తుంటే మాత్రం రోజూ జరుగుతుంది, ఎవరూ పట్టుకోలేరు. మనిషి మార్చే విలువల్నీ మెషీన్ మార్చే విలువల్నీ ఒకే గంపలో ఎప్పుడూ పెట్టకండి. తప్పనిసరైతే డేటాబేస్‌లోనే ఒక్క కీ మార్చే జేసన్‌బీ సెట్ వాడండి, లేదా వెర్షన్ కాలమ్‌తో ఆప్టిమిస్టిక్ లాక్ (మధ్యలో ఇంకెవరైనా మార్చి ఉంటే రాయనివ్వనిది) పెట్టండి.

పరిమాణం సంగతి కూడా. పోస్ట్‌గ్రెస్ ఒక కీ మార్చినా రో కొత్త కాపీ రాస్తుంది, గంప పెరిగి రో సుమారు 2 కేబీ దాటితే గంపని పక్క టేబుల్‌లోకి తోసి, మార్చిన ప్రతిసారీ అదంతా మళ్లీ రాస్తుంది. తరచూ మారే కౌంటర్ లాంటివాటికి గంప అస్సలు చోటు కాదు.

అయితే ఏది ఎక్కడ

స్టేటస్, డబ్బు, వేరే టేబుల్ ఐడీలు, ఏ తేదీకి ఏదో జరగాలి అనేవి విడి కాలమ్స్, వాదన లేదు. గంపలోని ఐడీకి ఫారిన్ కీ (అవతలి టేబుల్‌లో ఆ రో ఉండి తీరాలనే కట్టడి) నేరుగా పెట్టలేం, అవతలి రో తీసేస్తే ఇక్కడ శవం మిగులుతుంది. యూజర్ ఇష్టాయిష్టాలు పదికి లోపు ఉండి, వాటిమీద మెయిల్స్ పంపే జాబ్ ఏదీ వెతక్కపోతే టైప్ పొర ఉన్న జేసన్‌బీ. వెతికితే, ఆ ఒక్కటి బయటికి. గేట్‌వే కాన్ఫిగ్‌లకి జేసన్‌బీ సరైన చోటు, ఒక్కో గేట్‌వేకి ఒక్కో క్లాస్ రాసి, ఏ క్లాసో చెప్పే కాలమ్ మాత్రం బయట ఉంచండి. రహస్య కీలు, టోకెన్లు అందులో వద్దు: లాగ్‌లో గంప మొత్తం ఒకసారి ప్రింట్ అయిందంటే అన్నీ వీధిన పడ్డట్టే, లాగ్ ఫిల్టర్లు పైపైన పేర్లు చూస్తాయి గానీ టెక్స్ట్‌గా మారిపోయిన గంప లోపలికి తొంగి చూస్తాయన్న నమ్మకం లేదు. కస్టమర్లే తయారుచేసుకునే ఫీల్డ్స్ అయితే, ఏ ఫీల్డ్‌కి ఏ టైప్ అన్న వివరం ఒక టేబుల్‌లో, విలువలు జేసన్‌బీలో, వెతకడానికి జిన్.

ఇప్పటికే గంపలో ఉన్న కీని కాలమ్‌గా బయటికి తీసుకురావాల్సి వస్తే ఒక్కరోజులో చేయకండి. ముందు ఖాళీ కాలమ్ చేర్చండి, రెండుచోట్లా రాసే కోడ్ పంపండి, తర్వాత పాత రోలని వెయ్యేసి చొప్పున నింపండి, మార్చలేని విలువ తగిలితే ఊహించి నింపకుండా పక్కన రాసి పెట్టుకోండి. లెక్కలు సరిపోయాక చదవడం కాలమ్ వైపు తిప్పండి. కొన్ని రోజులు ఆగి, గంపలో రాయడం ఆపి, పాత కీని గంప నుంచి తీసేయండి. ఈ ఆఖరి మెట్టు దగ్గరే అందరం "పని అయిపోయింది కదా" అని వదిలేస్తాం. మేమూ వదిలేశాం. ఏడాది తర్వాత కొత్తగా చేరిన అబ్బాయి టేబుల్ తెరిచి, గంపలో మెయిల్ కీ కనబడితే అదే అసలుదనుకుని దాని మీదే రిపోర్ట్ రాశాడు. మెయిల్స్ వద్దన్న వాళ్లలో సగంమంది అందులో మళ్లీ "కావాలి" అనే ఉన్నారు.